మనోచికిత్సకుని అర్హత: ఒక శతాబ్దపు వివాదమునకు సమీక్ష

2025 జూలై 25వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము, విశాఖపట్టణమున వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు సిద్ధమగుచు మరణించిన పదునేడేండ్ల విద్యార్థిని విషయమై తీర్పు చెప్పుచు, దేశములోని విద్యాసంస్థల కన్నింటికిని వర్తించునట్లు పదునైదు మార్గదర్శక సూత్రములను నిర్దేశించెను. నూఱుగురు గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి సంస్థయు, బాలల యొక్కయు కౌమారవయస్కుల యొక్కయు మానసికారోగ్యమునందు శిక్షణ పొందిన అర్హుడగు కౌన్సెలరునో, సైకాలజిస్టునో, సామాజిక కార్యకర్తనో ఒకరినైనను నియమించుకొనవలెనన్నది వానిలో నొకటి. ఆజ్ఞ స్పష్టముగానే యున్నది. అయినను, దానిని ఆచరణలో పెట్టబూనిన కళాశాలాధ్యక్షుని బల్లమీదికి, రెండేండ్లు ఆసుపత్రిలో శిక్షణ పొంది ఎం.ఫిల్. పట్టము పుచ్చుకొన్నవారి దరఖాస్తులును, దూరవిద్యలో ఎం.ఏ. సైకాలజీ చదివినవారివియు, కొన్ని వారముల సర్టిఫికెట్టు మాత్రమే గలవారివియు, వ్యక్తిత్వవికాస ఉపన్యాసకులవియు కలగలిసి వచ్చునపుడు, వీరిలో చట్టము ఎవరిని అంగీకరించునో చెప్పగల అధికారి ఆయనకు దొరకడు. వైద్యుని అర్హతను వైద్యమండలి పట్టికలో చూచుకొనవచ్చును. న్యాయవాది అర్హతను బార్ కౌన్సిలు చెప్పును. కౌన్సెలరు విషయమున అట్టి నిర్ణయస్థానము మనకింకను స్థిరపడలేదు.

ఈ లోపము మన దేశమునకు మాత్రమే ప్రత్యేకమైనది కాదు. మనోచికిత్సకు లైసెన్సు అవసరమా, అవసరమైనచో ఎవరికి, ఎవరి చేత అను తగవు నూఱేండ్లుగా పలుదేశములలో సాగుచు, చట్టములతోను, వృత్తిసంఘముల పోటీలతోను, పరిశోధనల పరస్పర విరుద్ధ ఫలితములతోను చిక్కుపడి యున్నది. దాని స్వరూపమును విడదీసి చూపుటయే ఈ వ్యాసోద్దేశము. ప్రవేశార్హతను గూర్చిన వాదము ఎంత వాడిగా సాగినదో, ప్రవేశించిన పిమ్మట చికిత్సకుని పనిని కనిపెట్టి చూచువారెవరను విచారణ అంత మందముగా సాగినదని ఈ వ్యాసకర్త తలంపు.

వియన్నా నుండి బెంగుళూరు వఱకు

వివాదమునకు తొలిరూపము 1926లో వియన్నా నగరమున కనబడినది. వైద్యపట్టము లేని థియొడోర్ రైక్ అను మనోవిశ్లేషకునిపై, నాటువైద్యమును నిషేధించు ఆస్ట్రియా చట్టము క్రింద అభియోగము వచ్చినపుడు, సిగ్మండ్ ఫ్రాయిడ్ ఆ సందర్భమును పురస్కరించుకొని, వైద్యేతరులు మనోవిశ్లేషణము చేయవచ్చునా అను ప్రశ్నపై ఒక గ్రంథమునే రచించెను. స్వయముగా వైద్యుడై యుండియు ఆయన వైద్యుల పక్షము వహింపలేదు. మనోవిశ్లేషకునకు కావలసిన శిక్షణ వైద్యకళాశాలలో లభించునది కాదనియు, అట్టి శిక్షణ లేని వైద్యుడే ఈ రంగమున నిజమైన అనర్హుడనియు ఆయన వాదము. రైక్ పై అభియోగము నిలువలేదు గాని, ఫ్రాయిడ్ వాదమును ఆయన శిష్యులలోనే అమెరికావారు తిరస్కరించిరి; అచ్చటి ప్రధాన మనోవిశ్లేషక సంఘపు శిక్షణాలయములలో సైకాలజిస్టులకు ప్రవేశము సుగమమగుటకు న్యాయస్థానములో వ్యాజ్యము వేయవలసి వచ్చెను; అది రాజీతో ముగిసినది 1988లో. సిద్ధాంతకర్త తెఱచిన తలుపును అనుయాయులు అఱువదియేండ్లు మూసియుంచుట శాస్త్రచరిత్రలో సామాన్యము కాదు.

అమెరికా రాష్ట్రములు ఈలోగా వేఱొక మార్గమున నడచినవి. 1945లో కనెక్టికట్ రాష్ట్రము సైకాలజిస్టులకును, 1976లో వర్జీనియా రాష్ట్రము కౌన్సెలర్లకును తొలిసారిగా చట్టబద్ధమైన గుర్తింపు నిచ్చెను. తక్కిన రాష్ట్రములు క్రమముగా ననుసరించుటచే, వైద్యునకు లోబడని స్వతంత్రవృత్తిగా మనోచికిత్స అచ్చట నిలదొక్కుకొనినది.

భారతదేశమున ఆరంభము వైద్యమునకును విద్యాపీఠమునకును నడుమ జరిగెను. కలకత్తాలో గిరీంద్రశేఖర బోసు 1922లో భారతీయ మనోవిశ్లేషక సంఘమును స్థాపించినపుడు, తాను వైద్యుడైనను, సభ్యులలో తత్త్వశాస్త్ర, మనస్తత్త్వశాస్త్ర అధ్యాపకులు పలువురుండిరి. అయితే ఆ సంప్రదాయము వంగదేశమును దాటి విశేషముగా విస్తరింపలేదు. నేటి చట్టములకు మూలమైన మార్గము బెంగుళూరున పుట్టినది. 1954లో నెలకొన్న అఖిలభారత మానసికారోగ్య సంస్థ, అనగా తరువాతి కాలమున నిమ్హాన్స్ గా మాఱిన సంస్థ, 1955లో వైద్య, సామాజిక మనస్తత్త్వశాస్త్రమునందు డిప్లొమాను ప్రారంభించెను. కొన్నియేండ్లకు రాంచీలోను అట్టి శిక్షణయే ఆరంభమైనది. ఆ డిప్లొమాయే పిదప ఎం.ఫిల్. ఆయెను. ఈ శిక్షణ యంతయు మానసిక వైద్యశాల గోడల లోపల జరిగినది. బుద్ధిమాన పరీక్షలు, సిరామఱకల పరీక్షలు జరిపి సైకియాట్రిస్టునకు నివేదిక సమర్పించుట ఆనాటి సైకాలజిస్టు ముఖ్యవిధి. దుఃఖముతో వచ్చిన మనుష్యుని యెదుట కూర్చుండి మాసముల తరబడి సంభాషించు చికిత్సకుడు అప్పటి ఆలోచనలో అంతగా లేడు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొన్నచో తరువాతి చట్టముల తీరు సుబోధమగును.

మూడు చట్టములు, మూడు పట్టికలు

మొదటిది 1992 నాటి భారతీయ పునరావాస మండలి చట్టము. వికలాంగుల సేవకై శిక్షణ పొందిన వృత్తులవారిని క్రమబద్ధము చేయుట దాని యాశయము; వాక్కు, శ్రవణ నిపుణులతోను ప్రత్యేక ఉపాధ్యాయులతోను పాటు క్లినికల్ సైకాలజిస్టులు గూడ దాని పట్టికలో చేరిరి. మండలి గుర్తించిన శిక్షణ లేక పట్టికలో పేరు లేక ఈ వృత్తి నవలంబించినవారికి ఏడాది వఱకు కారాగారమో, వేయి రూపాయల వఱకు జరిమానాయో, రెండునో విధింపవచ్చునని చట్టము చెప్పుచున్నది. (ఆ వేయి రూపాయలను నగరములలో అనేకచోట్ల నొక్క గంట సంప్రదింపు రుసుమే మించిపోవును.) ఇచ్చట చిక్కు జరిమానాలో లేదు, చట్టము వైకల్యమను ద్వారము గుండా ఈ వృత్తిలోనికి వచ్చుటలో నున్నది. భర్త మరణముచే కుంగిన స్త్రీకి, పరీక్షాభయముతో నిద్రపట్టని బాలునకు, విడాకుల అంచున నున్న దంపతులకు చికిత్స చేయువాడు వైకల్య పునరావాసము చేయుచున్నాడా? కాదనువారు ఆ చట్టము తమకు వర్తింపదని యెంతురు. ఔననువారు పట్టికలో లేనివారి నందఱను అక్రమ వృత్తిపరులుగా నెంచుదురు. ఇరువురి వాదములకును చట్టపు మాటలలోనే ఆధారము కలదు.

రెండవది 2017 నాటి మానసికారోగ్య పరిరక్షణ చట్టము. 2018లో నమలులోనికి వచ్చెను. రోగి హక్కులను ప్రధానముగా నిలిపి, ఆత్మహత్యాయత్నము చేసినవారిని తీవ్రమనోవేదనకు లోనైనవారుగా భావింపవలెనని శాసించిన ఈ చట్టము నిస్సందేహముగా గొప్పది. చికిత్సకుల నిర్వచనమున మాత్రము నిది పాతదారినే పట్టినది. పునరావాస మండలి ఆమోదించిన శిక్షణ గలవారినే క్లినికల్ సైకాలజిస్టులుగా గ్రహించి, వారితోపాటు మానసికారోగ్య నర్సులను, సైకియాట్రిక్ సామాజిక కార్యకర్తలను రాష్ట్ర మానసికారోగ్య ప్రాధికార సంస్థ పట్టికలో నమోదు చేయవలెనని చెప్పి యూరకొన్నది. కౌన్సెలరు అనువాని ఊసు ఆ నిర్వచనములలో లేదు.

ఆ ఖాళీని నింపుటకు వచ్చినది 2021 నాటి అనుబంధ, ఆరోగ్య పరిరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టము. ప్రవర్తనారోగ్య శాస్త్రముల వర్గమున సైకాలజిస్టులు, కౌన్సెలర్లు, వైద్య, మానసిక సామాజిక కార్యకర్తలు ఇందు చోటు చేసికొనిరి. వైకల్యము గలవారి విషయమున పునరావాస మండలి పరిధిలోని క్లినికల్ సైకాలజిస్టులను మాత్రము మినహాయించిరి. అనగా నొకే గదిలో, ఒకే కుర్చీలో కూర్చుండి, ఒకే విధమైన చికిత్స చేయు ఇరువురు, తమ పట్టములను బట్టి రెండు వేర్వేఱు మంత్రిత్వశాఖల క్రిందకు వచ్చుచున్నారు: ఒకరు సామాజిక న్యాయము, మఱియొకరు ఆరోగ్యము.

ఇట్టి సమయముననే శిక్షణకు ఆధారమైన పట్టమే కదలిపోయినది. నూతన జాతీయ విద్యావిధానము ననుసరించి విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022లో ఎం.ఫిల్. ను రద్దు చేసి, క్లినికల్ సైకాలజీలోను, సైకియాట్రిక్ సామాజిక సేవలోను మాత్రము 2025–26 విద్యాసంవత్సరము వఱకు గడువు పొడిగించెను. సికిందరాబాదులోని స్వీకార్ వంటి సంస్థలలో ఆ పట్టమునకై పోటీపడిన తెలుగు విద్యార్థుల తరములకు లైసెన్సనగా ఎం.ఫిల్. అనియే అర్థము, దాని స్థానమున వచ్చు పట్టముల విలువ ఉద్యోగ నియమావళులలో నెట్లు నిర్ణయమగునో, ఆసుపత్రులు వానినెట్లు చూచునో తేలవలసి యున్నది.

కట్టుదిట్టమును కోరువారు

లైసెన్సు విషయమున కఠినత్వమును కోరువారి వాదము బలమైనది. మనోచికిత్సలో కత్తియు మందును లేకపోవుటచే అపాయము లేదనుకొనుట అమాయకత్వము. థైరాయిడ్ లోపము విషాదరోగపు వేషమున రావచ్చును. ఉన్మాద, విషాదములు ఒకదానివెంట నొకటి వచ్చు రోగిని కేవల విషాదరోగిగా భ్రమపడవచ్చును. ఆత్మహత్యా సూచన మాట మధ్య దాగి యుండవచ్చును. లైంగిక నేరముల నుండి బాలలను రక్షించు 2012 నాటి చట్టము క్రింద, బాలునిపై జరిగిన అత్యాచారము తెలిసినవారు దానిని పోలీసులకు తెలుపవలసినదే; గోప్యత నెచ్చట పాటింపవలెనో, ఎచ్చట విడువవలెనో తెలియని చికిత్సకుడు రోగికిని తనకును ముప్పు తెచ్చును.

ఈ పక్షమునకు మిక్కిలి తోడ్పడు నిదర్శన మొకటి మద్రాసు ఉన్నత న్యాయస్థానపు 2021 జూన్ నాటి ఉత్తర్వు. స్వలింగాకర్షణ గలవారిని చికిత్సచే మార్పజూచుట నిషిద్ధమనియు, అట్లు చేసిన వృత్తినిపుణులపై లైసెన్సును తొలగించుటతో సహా చర్య తీసికొనవలెననియు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్ ఆదేశించిరి. తరువాత జాతీయ వైద్య కమిషన్ దానిని వైద్యులకు వృత్తిదోషముగా ప్రకటించెను. అయితే లైసెన్సే లేని కౌన్సెలరు నుండి దేనిని తొలగింతురు? శిక్షించుటకు ముందు గుర్తింపవలెననువారి తర్కమునకు ఇంతకంటె సూటియైన ఉదాహరణము దొరకుట కష్టము.

సంశయవాదులు

ఎదుటిపక్షము నాధారములేని పక్షమని త్రోసిపుచ్చరాదు. సాల్ రోజెన్‌వైగ్ 1936లోనే, పరస్పరము భిన్నములైన చికిత్సాపద్ధతులు సమానఫలితము లిచ్చుటకు వానిలోని సామాన్యాంశములే కారణమై యుండునని సూచించెను. హాన్స్ ఐజెంక్ 1952లో, చికిత్స పొందినవారును పొందనివారును సమముగానే కోలుకొనుచున్నారని ప్రకటించి వృత్తినంతను కలవరపెట్టెను. 1957లో కార్ల్ రోజర్స్ చికిత్సకుని నిష్కాపట్యము, సహానుభూతి, నిబంధన లేని ఆదరము అనువానినే మార్పునకు చాలిన హేతువులుగా నిలిపెను. 1977లో స్మిత్, గ్లాసులు 375 పరిశోధనలను కలిపి లెక్కించి చికిత్స నిశ్చయముగా ఫలించుచున్నదని చూపి ఐజెంక్‌కు సమాధానము చెప్పిరి గాని, పద్ధతుల నడుమ చెప్పదగిన భేదము వారికిని కనబడలేదు. 1979లో డుర్లాక్ 42 పరిశోధనలను సమీక్షించి, వృత్తిశిక్షణ లేని సహాయకుల ఫలితములు వృత్తినిపుణుల ఫలితములకు తీసిపోవనెను. ఆ పరిశోధనలలో పెక్కింటి నాణ్యము శంకింపదగినదని నీట్జెల్, ఫిషర్లు రెండేండ్లకే ఖండించిరి. పట్టముల హెచ్చుతగ్గులు చికిత్సాఫలితమును నిర్ణయించునని మాత్రము ఇంతవఱకు గట్టిగా నెవరును నిరూపింపలేదు.

వీరికి అర్థశాస్త్రజ్ఞుల తోడు దొరికినది. మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1962లో, వృత్తి లైసెన్సులు వినియోగదారునకంటె వృత్తిలో నిదివఱకే చేరినవారికి రక్షణ కల్పించునని వాదించెను. ఈ మాటలో సత్యాంశ మున్నను, మనోవ్యాధితో వచ్చువాడు సరకు నెంచుకొను కొనుగోలుదారు వంటివాడను ఊహ మాకు ఒప్పదు. ఎంచుకొను శక్తి సన్నగిల్లిన వేళనే కదా అతడు వచ్చునది.

గోవా ప్రయోగము

తగవును క్రొత్త భూమికపై నిలిపినది ప్రజారోగ్యవాదుల పక్షము. 2015–16లో పన్నెండు రాష్ట్రములలో జరిగిన జాతీయ మానసికారోగ్య సర్వే, వయోజనులలో నూటికి 10.6 మంది అప్పటికి మానసిక రోగపీడితులని లెక్కించి, సామాన్య మానసిక రుగ్మతలు గలవారిలో నూటికి ఎనుబదియైదుగురు చికిత్సకు దూరముగా నున్నారని తేల్చెను. (ఆ పన్నెండింట రెండు తెలుగు రాష్ట్రములును లేవు, మన ప్రాంతమును గూర్చి ఆ అంకెలను అన్వయించునపుడు ఈ సంగతి మఱవరాదు.) ఇంతటి అగాధమును ఏటేట పట్టభద్రులగు కొద్దిమంది ఎం.ఫిల్. విద్యార్థులు పూడ్చజాలరని వేఱుగ చెప్పనక్కఱలేదు.

గోవాలోని సంగాత్ సంస్థ పరిశోధకులు విక్రమ్ పటేల్ ప్రభృతులు, మానసికవైద్యములో పూర్వశిక్షణ లేని స్థానికులను ఎంచుకొని, వారికి కొన్ని వారములు తరగతులలోను, పిదప నెలల తరబడి పనిలోను శిక్షణ నిచ్చి, ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో తీవ్ర విషాదరోగులకు ఆఱు నుండి ఎనిమిది సమావేశముల చికిత్స నిప్పించిరి. లాన్సెట్ పత్రికలో వెలువడిన ఫలితముల ప్రకారము, మూడు నెలలకు ఈ చికిత్స పొందినవారిలో నూటికి అఱువదినలుగురు వ్యాధిలక్షణముల నుండి బయటపడగా, సాధారణ వైద్యముతో సరిపెట్టుకొన్నవారిలో నూటికి ముప్పదితొమ్మండ్రు మాత్రమే బయటపడిరి.

ఈ ఫలితమును లైసెన్సు విరోధులు తమ విజయముగా చాటుట తొందరపాటు. ఆ కౌన్సెలర్లు స్వేచ్ఛగా వదలివేయబడినవారు కారు. వారి సమావేశములను శబ్దముద్రణము చేసి, సహచరులతో గూడి వారము వారము విని, ఒకరి పని కొకరు మార్కులు వేసికొనిరి. చేయవలసిన చికిత్స ముందుగా గ్రంథస్థమై యుండెను. వారికి మించిన రోగిని పైకి పంపు దారి యుండెను. మన నగరములలో ఎం.ఫిల్. పూర్తిచేసి స్వతంత్రముగా గది తెఱచిన లైసెన్సుదారులలో తమ చికిత్సను ఇంత నిశితముగా పరుల వినికిడికి పెట్టువా రెందఱు? చట్టము వారిని అట్లు పెట్టుమని కోరనే లేదు. గోవాలో నిరూపితమైనది పట్టము లేకుండుట యొక్క గొప్పతనము కాదు, పర్యవేక్షణ యొక్క బలము. ఆ పర్యవేక్షణకు కాలము, ధనము, ఓర్పు కావలెను. పరిశోధనకు విరాళములు ముగిసిన పిదప ప్రభుత్వవ్యవస్థలో అది యెట్లు నిలుచునను ప్రశ్న మిగిలియే యున్నది.

దేశీయ మార్గము నన్వేషించిన నాలుగవ పక్ష మొకటి కలదు. ఎన్.సి. సూర్య, జయరాములు 1964లోనే పాశ్చాత్య మనోచికిత్స భారతీయరోగి కెంతవఱకు సరిపడునని ప్రశ్నించిరి, జె.ఎస్. నేకీ 1973లో గురుశిష్య సంబంధమును చికిత్సకు నమూనాగా చూపెను. ఆంధ్ర విశ్వవిద్యాలయమున కోనేరు రామకృష్ణారావు భారతీయ మనస్తత్త్వశాస్త్రమునకై చిరకాలము కృషిచేసెను. ఈ ఆలోచన శిక్షణాంశములను సుసంపన్నము చేయదగినదే గాని, లైసెన్సు ప్రశ్నకు సమాధానము కాజాలదు. గురువునకు శిష్యునిపై గల అధికారమే దుర్వినియోగమునకు అవకాశము గదా. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో విశ్వాసచికిత్సకై చేర్పబడి గొలుసులతో కట్టబడిన ఇరువదియెనమండ్రు మానసిక రోగులు అగ్నికి ఆహుతియైన పిదప, విశ్వాసమును మాత్రమే అర్హతగా నంగీకరించుట సాధ్యము కాదు.

పరదేశముల పోకడ

పోల్చిచూచినచో ప్రతిదేశము వేర్వేఱు వస్తువును కాపాడుచున్నట్లు తోచును. బ్రిటన్ 2009 నుండి క్లినికల్ సైకాలజిస్టు మున్నగు కొన్ని పేర్లను మాత్రము చట్టముచే రక్షించి, సైకోథెరపిస్టులను కూడ అందు చేర్పవలెనను ప్రతిపాదనను 2011లో విరమించుకొని, స్వచ్ఛంద పట్టికలతో తృప్తిపడెను. జర్మనీ 1999 నుండి వృత్తినామమును చట్టబద్ధము చేయుటయే గాక, ఆరోగ్యబీమాతో ముడిపెట్టుటచే, లైసెన్సు గల చికిత్సకుని యొద్దకు పోవుట రోగికే లాభకర మగునట్లు చేసినది. ఈ రెండవ ఉపాయము శిక్షాభయముకంటె మెఱుగైనదని తోచుచున్నది. అయితే మన దేశమున బాహ్యరోగి మనోచికిత్సకు బీమా చెల్లింపు అరుదుగా నుండుటచే దానిని వెంటనే అనుకరింపజాలము.

తేలని విషయములు

ఇదివఱకే వృత్తిలో నున్నవారి గతి యేమి? ఎం.ఏ. తో పదేండ్లుగా నిజాయితీగా పనిచేయుచున్న కౌన్సెలరును క్రొత్త నియమము బహిష్కరించినచో అతని రోగులు దిక్కులేనివారగుదురు. అందఱను చేర్చుకొన్నచో పట్టికకు విలువ యుండదు. అనుభవమును పరీక్షించి చేర్చుకొను మధ్యేమార్గమును ఇతర దేశములు అవలంబించినవి. ఇచ్చట ఆ పరీక్ష యెవరు జరుపవలెనో ముందు తేలవలెను. శిక్షణ యంతయు ఇంగ్లీషున సాగుచుండగా, రోగి తన దుఃఖమును తెలుగున చెప్పుకొనుట మఱియొక చిక్కు. రోగనిర్ణయ ప్రశ్నావళులలోని ఇంగ్లీషు మాటలకును, గుంటూరు, కరీంనగరు జిల్లాల గృహిణులు గుండెదడ, తలభారము, మనసు బాగులేకపోవుట అని చెప్పు లక్షణములకును పొత్తు కుదుర్చుట చికిత్సకుడు నేర్చుకొన్నదియు లేనిదియు ఏ లైసెన్సు పరీక్షయు చూచుట లేదు.

ఫిర్యాదుల సంగతి వీని కన్నింటికంటె వెనుకబడి యున్నది. పునరావాస మండలి చట్టమున దుష్ప్రవర్తనకు పేరు కొట్టివేయు అధికారమున్నది. వినియోగదారుల న్యాయస్థానము పరిహార మిప్పించవచ్చును గాని, ఎవరిని వృత్తినుండి తొలగింపజాలదు. పట్టికలో లేనివాని విషయమున మొదటి మార్గమే లేదు.

దృశ్యసంభాషణము ఈ చిక్కును సముద్రము దాటించినది. అమెరికాలో చదువుచున్న తెలుగు విద్యార్థులు మాతృభాషలో మనసు విప్పుకొనుటకై హైదరాబాదు చికిత్సకుల నాశ్రయించుట నేడు వింత కాదు. అచ్చటి రాష్ట్రముల నియమము ప్రకారము, చికిత్స జరుగు స్థలము రోగి యున్న చోటు. ఆ రాష్ట్రపు లైసెన్సు గాని, ప్రత్యేక అనుమతి గాని లేక చికిత్స చేయరాదు. డల్లాసులో నున్న విద్యార్థినికి హైదరాబాదు కౌన్సెలరు వలన హాని కలిగినచో, టెక్సాసు మండలి చేయి ఇచ్చటి వఱకు సాగదు. పునరావాస మండలి పట్టికలో పేరు లేనివానిని ఆ మండలి పిలిపింపజాలదు. వైద్యుడు కానందున వైద్యమండలికి అతనితో పని లేదు. 2021 నాటి చట్టపు రాష్ట్రమండలి పట్టికలో అతడు నమోదు కానిచో అదియు వినదు. ఆమె తన ఫిర్యాదును ఏ కార్యాలయమునకు పంపుకొనవలెనో మూడు చట్టములలో నొక్కటియు చెప్పుట లేదు.